ఈ పని ఏ ఆబ్జెక్ట్‌ది?

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి జావానో, సీ ప్లస్ ప్లస్సో, పైథానో బాగా వచ్చు. క్లాస్ ఎలా రాయాలి, ఇన్‌హెరిటెన్స్ అంటే ఏమిటి, ఇంటర్‌ఫేస్ దేనికి అని అడిగితే గడగడా చెప్పేస్తారు. క్లాస్ అంటే ఒక రకం వస్తువుకు ఏం తెలియాలో, అది ఏం చేయగలదో చెప్పే నమూనా; ఆ నమూనాతో చేసినదే ఆబ్జెక్ట్. అదే ఒక కొత్త ప్రాజెక్టు చేతిలో పెట్టి, దీనికి ఏయే క్లాసులు కావాలో చెప్పమంటే టెన్షన్ మొదలవుతుంది. అది సహజమే. భాషలో ఏమేం సౌకర్యాలున్నాయో తెలియడం వేరు, ఎదురుగా ఉన్న సమస్యను విడదీయడం వేరు. ఈ రెండో పనికే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ఎనాలిసిస్ అండ్ డిజైన్ అని పేరు. దీనికోసం ఎన్నో పద్ధతులు వచ్చాయి, ఎన్నో రకాల బొమ్మలు వచ్చాయి. అన్నిటి అడుగునా ఉన్నది ఒకటే ప్రశ్న అని నా నమ్మకం: ఈ సంగతి ఎవరికి తెలిసుండాలి, ఈ నిర్ణయం ఎవరు తీసుకోవాలి? ఈ కాసేపూ ఆ ప్రశ్ననే పట్టుకుని మాట్లాడతాను.

ఒక పని తీసుకుందాం. రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌కి సాఫ్ట్‌వేర్ రాయాలి. డాక్టర్ టెస్టులు రాస్తారు, టెక్నీషియన్ రక్తం తీసి ట్యూబు మీద బార్‌కోడ్ అంటిస్తారు, మెషీన్ విలువలు ఇస్తుంది, పాథాలజిస్ట్ సరిచూసి సంతకం పెడతారు, రిపోర్ట్ బయటికి వెళుతుంది. వినడానికి ఇంతే.

మొదట ఏం చేస్తాం? చాలామంది నేరుగా డేటాబేస్ టేబుళ్ల మీద పడతారు. ఇంకొందరు రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో నామవాచకాల కింద గీతలు గీస్తారు. ఈ ఆలోచనకు 1983లో రస్సెల్ అబ్బాట్ రాసిన వ్యాసం మూలం. మామూలు మాటల్లో రాసుకున్న వర్ణనలోని నామవాచకాల నుంచి డేటా టైపులను, క్రియల నుంచి ఆపరేషన్లను పట్టుకోవచ్చని ఆయన చూపించారు. గ్రేడీ బూచ్ దాన్ని తన పద్ధతిలోకి తీసుకున్నారు. మొదలుపెట్టడానికి మంచి దారే. మన ల్యాబ్‌లో పేషెంట్, డాక్టర్, టెస్ట్, శాంపిల్, రిపోర్ట్ వెంటనే దొరుకుతాయి.

ఇప్పుడు ఆ టెస్ట్ అనేదాన్ని కొంచెం గట్టిగా పట్టి చూడండి. "మా దగ్గర హీమోగ్లోబిన్ టెస్ట్ ఉంది" అని రిసెప్షన్‌లో అంటే అది కేటలాగులోని ఒక నిర్వచనం. "ఈ పేషెంట్‌కి ఆ టెస్ట్ రాశారు" అంటే అది ఒక ఆర్డర్. "టెస్ట్ 11.2 వచ్చింది" అంటే అది ఫలితం. మూడింటి ఆయుష్షు వేరు. నిర్వచనం ఏళ్ల తరబడి ఉంటుంది. ఆర్డర్ ఆ రోజుతో అయిపోవచ్చు, రద్దు కూడా కావచ్చు. ఫలితం ఒకసారి బయటికి వెళ్లాక శాశ్వతంగా భద్రపరచాల్సిన రికార్డు. మూడింటినీ ఒకే క్లాస్‌లో కుక్కామనుకోండి. ఏడాది తర్వాత ల్యాబ్ కొత్త మెషీన్ కొని నార్మల్ రేంజ్ మార్చుకుంటుంది. ఆ రోజు ఎవరో పాత రిపోర్ట్ మళ్లీ ప్రింట్ తీస్తారు. పాత విలువ పక్కన కొత్త రేంజ్ పడుతుంది. నిరుడు నార్మల్ అని వెళ్లినది ఈ ఏడు అబ్‌నార్మల్ అయి వస్తుంది. ప్రోగ్రామ్ ఎక్కడా క్రాష్ కాలేదు, టెస్ట్ కేసులన్నీ పాసయ్యాయి, అయినా తప్పు సమాచారం పేషెంట్ చేతికి వెళ్లింది. ఇది కోడింగ్‌లో దొర్లిన తప్పు కాదు, విశ్లేషణలో మిగిలిపోయిన లోపం. ఫలితం అనేది తాను పుట్టిన రోజున అమల్లో ఉన్న రేంజ్‌ని తనతోనే ఉంచుకోవాలి. ఎవరికి తెలిసుండాలి అన్నానే, మొదటి జవాబు ఇదిగో.

ఇలాంటివి డాక్యుమెంట్‌లో దొరకవు. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లతో కూర్చుంటేనే దొరుకుతాయి. అక్కడ ఏం అడగాలన్నదానికి ఇవార్ జాకబ్‌సన్ మంచి సాధనం ఇచ్చారు. ఆయన ఎరిక్సన్‌లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల మీద పనిచేసిన ఇంజనీర్. సిస్టమ్‌ని బయట నుంచి వాడే మనిషి ఏ పని పూర్తి చేసుకోవాలని వచ్చాడు, అందుకు అడుగడుగునా ఏం జరుగుతుంది అని కథలా రాయమన్నారు. దాన్నే మనం యూజ్ కేస్ అంటున్నాం. అందరూ రాస్తారు, కానీ చాలామంది అంతా సవ్యంగా జరిగే దారి ఒక్కటే రాసి వదిలేస్తారు. సవ్యంగా జరిగే దారిలో మనకు తెలియనిది దాదాపు ఏమీ ఉండదు. పని చెడిపోయే దారులు రాయండి. అసలు క్లాసులు అక్కడ బయటపడతాయి.

టెక్నీషియన్‌ని అడగండి: శాంపిల్ ఎప్పుడు పనికిరాదు? ఆయన వరసగా చెబుతారు. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలిపోతే లోపలి పొటాషియం బయటికి వచ్చి పొటాషియం విలువ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ఉన్న ట్యూబులోకి తీసిన రక్తంతో రక్తకణాల లెక్క చూడొచ్చు, కానీ పొటాషియం చూడకూడదు, ఎందుకంటే ఆ ట్యూబులో సాధారణంగా వేసేదే పొటాషియం లవణం. గ్లూకోజ్ కోసం తీసిన రక్తాన్ని మామూలు ట్యూబులో బయట ఉంచేస్తే కణాలు ఆ గ్లూకోజ్‌ని వాడేసుకుంటూ ఉంటాయి, గంటకు సుమారు 5 నుంచి 7 శాతం చొప్పున విలువ పడిపోతుంది. ఈ నాలుగు మాటల్లోనే మన మోడల్ మారిపోయింది. శాంపిల్ అంటే ఇక బార్‌కోడ్ నంబరు మాత్రమే కాదు. దానికి ట్యూబు రకం ఉంది, తీసిన సమయం ఉంది, స్థితి ఉంది. ఒకే శాంపిల్ ఒక టెస్టుకి పనికొచ్చి ఇంకోదానికి పనికిరాకపోవచ్చు. కాబట్టి "శాంపిల్ రిజెక్ట్ అయింది" అని శాంపిల్ మీద ఒక అవును-కాదు గుర్తు పెడితే సరిపోదు. తిరస్కరణ అనేది శాంపిల్‌కీ, ఆర్డర్ చేసిన టెస్టుకీ మధ్య జరిగే సంఘటన. దానికో కారణం, సమయం, మళ్లీ రక్తం తీయాలన్న కొత్త ఆర్డర్ ఉంటాయి. అదే ఒక క్లాస్.

ఇక డిజైన్‌కి వద్దాం. ఈ శాంపిల్ ఈ టెస్టుకి పనికొస్తుందా అన్న ప్రశ్నకు జవాబు ఎవరు చెప్పాలి? నేను చూసే ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించే జవాబు ఒక మేనేజర్ క్లాస్. ల్యాబ్ మేనేజర్, శాంపిల్ సర్వీస్, ఇలాంటి పేరేదో ఉంటుంది. అది శాంపిల్ నుంచి ట్యూబు రకం తీసుకుంటుంది, సమయం తీసుకుంటుంది, టెస్ట్ నుంచి గడువు తీసుకుంటుంది, పేజీ నిండా ఇఫ్-ఎల్స్ రాసుకుని తానే తేలుస్తుంది. మిగతా క్లాసులన్నీ డేటా పట్టుకుని నిలబడే సంచులుగా మిగిలిపోతాయి. క్లాస్ అన్న కీవర్డ్ ఉన్నంత మాత్రాన అది ఆబ్జెక్ట్ డిజైన్ కాదు. మార్పు వచ్చిన ప్రతిసారీ అందరూ ఆ ఒక్క ఫైల్ మీదే పడతారు.

దీన్ని ముందే పట్టుకోవడానికి 1989లో కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ ఒక పద్ధతి ప్రచురించారు. సీఆర్‌సీ కార్డులు, అంటే క్లాస్, రెస్పాన్సిబిలిటీ, కొలాబరేటర్ కార్డులు. ఒక్కో క్లాస్‌కి ఒక చిన్న అట్ట కార్డు. పైన పేరు, ఎడమవైపు బాధ్యతలు, కుడివైపు ఆ పనిలో సాయం చేసే తోటి క్లాసులు. టీమ్ అంతా బల్ల చుట్టూ కూర్చుని తలో కార్డు పట్టుకుని ఆ క్లాస్ తరఫున మాట్లాడతారు. "నేను శాంపిల్‌ని. నన్ను ఎప్పుడు తీశారో, ఏ ట్యూబులో ఉన్నానో నాకు తెలుసు. ఎన్ని గంటలదాకా పనికొస్తానో నాకు తెలియదు, అది టెస్టుని బట్టి ఉంటుంది." "నేను టెస్ట్ నిర్వచనాన్ని. నాకు ఏ ట్యూబు కావాలో, ఎంత గడువో నాకు తెలుసు. శాంపిల్‌ని నా దగ్గరికి పంపితే ఒప్పుకోవాలో వద్దో నేనే చెబుతాను." చూడండి, వాదించకుండానే తేలిపోయింది. నియమం ఎవరి దగ్గర ఉందో నిర్ణయం కూడా వాళ్ల దగ్గరే ఉంటే మంచిది. కార్డు చిన్నది కావడంలోనే కిటుకు ఉంది. బాధ్యతలు రాయడానికి చోటు చాలకపోతే ఆ క్లాస్ మోయలేనంత మోస్తోందని అర్థం. రెబెకా విర్ఫ్స్-బ్రాక్ అదే కాలంలో బాధ్యతలనే కేంద్రంగా పెట్టి ఒక మొత్తం డిజైన్ పద్ధతి తయారుచేశారు. ఆమెకు రావాల్సినంత పేరు రాలేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఇప్పటి కుర్రవాళ్లు ముందు చదవాల్సింది ఆమెనే.

ఇంకొక సందర్భం. రక్తంలోని కొవ్వులు చూసే లిపిడ్ ప్రొఫైల్ తీసుకోండి. టోటల్ కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్ మెషీన్ కొలుస్తుంది. ఎల్‌డీఎల్ మాత్రం చాలాచోట్ల కొలవరు, లెక్కకడతారు. ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం అంటారు: టోటల్ నుంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు కూడా తీసేయాలి. ట్రైగ్లిజరైడ్స్ డెసీలీటరుకు 400 మిల్లీగ్రాములు దాటితే ఆ సూత్రం చెల్లదు. ఈ సూత్రం 1972 నాటిది. తర్వాత 2013లో ఒకటి, 2020లో ఒకటి మెరుగైన పద్ధతులు వచ్చాయి. ఏ ల్యాబ్ ఏది ఎప్పుడు వాడుతుందో మనం ముందుగా చెప్పలేం.

ఇక్కడ పాలిమార్ఫిజం, అంటే ఒకే ప్రశ్నకు ఒక్కో ఆబ్జెక్ట్ తనదైన తీరులో జవాబు చెప్పడం, పుస్తకంలో మాటగా కాకుండా అవసరంగా వస్తుంది. రిపోర్ట్ తయారుచేసే కోడ్‌కి ఎల్‌డీఎల్ కొలిచినదా, లెక్కకట్టినదా అన్నది తెలియాల్సిన పని లేదు. అది "నీ విలువ చెప్పు" అని అడుగుతుంది. కొలిచే టెస్ట్ మెషీన్ ఇచ్చినది చెబుతుంది. లెక్కకట్టే టెస్ట్ తన తోటి ఫలితాలను అడిగి, సూత్రం చెల్లుతుందో లేదో చూసి, చెల్లకపోతే "లెక్కకట్టలేం, నేరుగా కొలవాలి" అని చెబుతుంది. సూత్రం మారినా ఒక్క క్లాస్ మారుతుంది, రిపోర్ట్ కోడ్ మీద చెయ్యి పడదు. సరిగ్గా ఆ 1972లోనే డేవిడ్ పార్నాస్ ఒక వ్యాసం రాశారు. ప్రోగ్రామ్‌ని పని జరిగే వరస ప్రకారం ముక్కలు చేయకండి, మారే అవకాశం ఉన్న ప్రతి నిర్ణయాన్నీ ఒక మాడ్యూల్‌లో దాచండి అన్నది దాని సారాంశం. దాని తర్వాత వచ్చిన ఎన్నో డిజైన్ సలహాలను ఆ ఒక్క వాక్యం నుంచి రాబట్టుకోవచ్చు.

ఐదో వంతు అన్నాను కదా, అది మిల్లీగ్రాముల లెక్కలోనే నిజం. లీటరుకు మిల్లీమోల్స్‌లో లెక్కపెట్టే చోట 5 బదులు 2.2 తో భాగించాలి. గ్లూకోజ్ మిల్లీగ్రాముల్లో 99 అయితే మిల్లీమోల్స్‌లో 5.5. విలువను ఒట్టి డబుల్ టైప్ (దశాంశ) సంఖ్యగా ఉంచితే ఏ యూనిట్‌లో ఉందో ఆ సంఖ్యకు తెలియదు. సంఖ్య, యూనిట్ కలిపి ఒక చిన్న ఆబ్జెక్ట్ చేయండి. వేర్వేరు యూనిట్లను కలపబోతే అదే అడ్డుచెబుతుంది. పది నిమిషాల పని, ఒక మనిషికి తప్పు మందు పడకుండా ఆపగలదు.

ఇన్‌హెరిటెన్స్ గురించి, అంటే ఒక క్లాస్ గుణాలను పంచుకునే సబ్‌క్లాసులు తీయడం గురించి, కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం దానివల్లే జరుగుతుంది. రక్తహీనత ఉందని తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హీమోగ్లోబిన్ హద్దులు చూడండి. పెద్దవాళ్లలో మగవారికి డెసీలీటరుకు 13 గ్రాములు, గర్భం లేని స్త్రీలకు 12, గర్భిణులకు 11. ఇది వినగానే పేషెంట్ కింద మగ పేషెంట్, ఆడ పేషెంట్, గర్భిణి, పిల్లలు అని సబ్‌క్లాసులు గీయాలనిపిస్తుంది. బోర్డు మీద అందంగా ఉంటుంది కూడా. కానీ పిల్లవాడు పెద్దవాడవుతాడు. గర్భిణి ప్రసవిస్తుంది. మనం మామూలుగా వాడే జావా, సీ ప్లస్ ప్లస్ లాంటి భాషల్లో ఒకసారి పుట్టిన ఆబ్జెక్ట్ తన క్లాస్ మార్చుకోలేదు. అప్పుడు పాత ఆబ్జెక్ట్ తీసేసి కొత్తది సృష్టించి, చరిత్ర అంతా కాపీ చేసి, నానా తంటాలు పడాలి. అసలు ఇక్కడ మారుతున్నది ఎవరు? పేషెంట్ ప్రవర్తన మారడం లేదు. ఫలితాన్ని చదివే నియమం మారుతోంది. కాబట్టి నియమాలన్నీ టెస్ట్ నిర్వచనం దగ్గర ఒక జాబితాగా ఉండాలి. ప్రతి నియమానికీ వర్తించే షరతు, హద్దు, అమల్లోకి వచ్చిన తేదీ ఉండాలి. 2024లో ఆ సంస్థే హద్దులు సవరించి, గర్భిణులకు రెండో త్రైమాసికంలో 10.5 అని వేరుగా పెట్టింది. జాబితా డిజైన్‌లో అది ఒక కొత్త వరస. సబ్‌క్లాస్ డిజైన్‌లో ఏం చేయాలో మీరే ఊహించుకోండి.

సబ్‌క్లాస్ పెట్టే ముందు బార్బరా లిస్కోవ్ 1987లో ముందుకు తెచ్చిన పరీక్ష పెట్టండి. తల్లి క్లాస్‌ని నమ్ముకుని రాసిన కోడ్‌కి పిల్ల క్లాస్ ఆబ్జెక్ట్ ఇస్తే, ఆ కోడ్ పెట్టుకున్న నమ్మకాలేవీ చెడిపోకూడదు. మన లెక్కకట్టే టెస్ట్ ఈ పరీక్ష పాసవ్వాలంటే, "విలువ ఇవ్వలేను" అనే జవాబు తల్లి క్లాస్ ఒప్పందంలోనే ఉండాలి. లేకపోతే రిపోర్ట్ కోడ్ 400 దాటిన రోజున బోల్తా పడుతుంది.

ఫలితానికి ఒక జీవితం ఉందని ఇందాక అన్నాను. ఎదురుచూస్తోంది, కొలిచారు, సరిచూశారు, విడుదలైంది. విడుదలైన తర్వాత తప్పు దొరికితే పాత విలువ మీద కొత్త విలువ రాయకూడదు. పాతది అలాగే ఉంచి, సవరించిన రిపోర్ట్ అని స్పష్టంగా వేసి, ఎవరు ఎందుకు సవరించారో రాయాలి. ఇలాంటి చోట ఏ స్థితి నుంచి ఏ స్థితికి వెళ్లవచ్చో చూపే స్టేట్ డయాగ్రామ్ గీస్తే తప్పులు కళ్లకు కనిపిస్తాయి. డేవిడ్ హారెల్ 1987లో ప్రచురించిన స్టేట్‌చార్టుల నుంచి వచ్చిందిది. బొమ్మ గీశాక కోడ్‌లో స్థితిని నేరుగా మార్చేసే సెట్‌స్టేటస్ అనే మెథడ్ పెట్టారంటే గీసిన బొమ్మ వృథా. ఎవరైనా ఏ స్థితి నుంచి ఏ స్థితికైనా దూకించవచ్చు. సరిచూడు, విడుదల చెయ్యి, సవరించు అనే మెథడ్లు మాత్రమే పెట్టండి. సరిచూడని ఫలితాన్ని విడుదల చేయమంటే ఫలితమే ఒప్పుకోకూడదు.

ఇప్పుడు చరిత్ర క్లుప్తంగా. క్లాస్ అనే భావన ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ చేసిన సిమ్యులా 67 భాషతో వచ్చింది. పేరులోనే ఉంది, అది సిమ్యులేషన్ కోసం పుట్టిన భాష. బయటి ప్రపంచంలో జరిగేదాన్ని ప్రోగ్రామ్‌లో నమూనాగా నిలబెట్టాలన్న కోరిక ఆబ్జెక్టులకు పుట్టుకతో వచ్చింది. 1970లలో జిరాక్స్ పార్క్‌లో ఎలన్ కే బృందం చేసిన స్మాల్‌టాక్ దాన్ని సందేశాల వైపు తీసుకెళ్లింది. భాషలు నిలదొక్కుకున్నాక, 1980ల చివర, 1990ల మొదట్లో విశ్లేషణ పద్ధతులు వరదలా వచ్చాయి. ష్లేయర్-మెలర్, కోడ్-యోర్డన్, బూచ్, జేమ్స్ రంబా బృందం జనరల్ ఎలక్ట్రిక్‌లో చేసిన ఓఎంటీ (ఆబ్జెక్ట్ మోడలింగ్ టెక్నిక్), జాకబ్‌సన్ పద్ధతి. ఒక్కొక్కరిదీ ఒక్కో బొమ్మల భాష. బూచ్ క్లాస్‌ని చుక్కల గీతల మేఘంలా గీసేవారు, ఓఎంటీలో దీర్ఘచతురస్రం. రంబా 1994లో బూచ్ పనిచేస్తున్న రేషనల్ సంస్థలో చేరారు, ఏడాదికి జాకబ్‌సన్ కూడా వచ్చారు. ముగ్గురి కలయిక నుంచి వచ్చిన యూఎంఎల్ (యూనిఫైడ్ మోడలింగ్ లాంగ్వేజ్) అనే బొమ్మల భాషను 1997 నవంబరులో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ ప్రమాణంగా స్వీకరించింది.

దానివల్ల మేలు జరిగింది, అందరికీ ఒకే గీతలు వచ్చాయి. కానీ యూఎంఎల్ ఒక సంకేత లిపి మాత్రమే, పద్ధతి కాదు. బొమ్మలు నేర్చుకుంటే డిజైన్ నేర్చుకున్నట్టే అని ఒక తరం అనుకుంది, కాలేజీల్లో అలాగే నేర్పారు. యూఎంఎల్ 2.5లో 14 రకాల డయాగ్రాములున్నాయి. మామూలు ప్రాజెక్టుకి క్లాస్, సీక్వెన్స్, స్టేట్ అనే మూడు చాలు, అవి కూడా తెల్లబోర్డు మీద చేత్తో గీసినవి చాలు. తర్వాత 2001లో, సాఫ్ట్‌వేర్‌ని చిన్న చిన్న విడతలుగా చేయమన్న ఎజైల్ మేనిఫెస్టో వచ్చింది. డిజైన్ అక్కర్లేదని అది ఎక్కడా చెప్పలేదు. సంతకాలు పెట్టిన 17 మందిలో సీఆర్‌సీ కార్డుల బెక్, కన్నింగ్‌హామ్ ఇద్దరూ ఉన్నారు, ష్లేయర్-మెలర్ పద్ధతికి చెందిన స్టీఫెన్ మెలర్ కూడా ఉన్నారు. డిజైన్‌ని మొదటి నెలలోనే ముగించేయకుండా, నిరంతరం కొంచెం కొంచెంగా చేయమన్నారు. రోజూ చేయమన్న పనిని చాలా టీములు ఎప్పుడూ చేయక్కర్లేని పనిగా అర్థం చేసుకున్నాయి. నాకు బాధ కలిగించే విషయాల్లో ఇదొకటి.

అన్నిచోట్లా ఆబ్జెక్టులే వాడమని నేను చెప్పను. ఈ ల్యాబ్‌లోనే, గత ఐదేళ్ల ఫలితాల్లో ఏ నెలలో ఎన్ని టెస్టులు జరిగాయో తేల్చాలంటే డేటాబేస్‌ని నేరుగా అడిగే ఎస్‌క్యూఎల్ క్వెరీ రాయండి. లక్షల ఫలితాలను ఒక్కొక్కటిగా ఆబ్జెక్టులుగా లేపి ప్రశ్నలు అడగడం అనవసరం. డాక్టర్ల ఫోన్ నంబర్లు మార్చే స్క్రీన్‌కి గొప్ప డిజైన్ ఏమీ అక్కర్లేదు. నియమాలు ఎక్కువగా ఉండి, అవి తరచుగా మారుతూ, తప్పు జరిగితే మనిషికి నష్టం కలిగే చోట ఈ శ్రమ పెట్టండి.

ఇక ప్రశ్నలు అడగండి.

సభలో ఒకరు: ఇప్పుడు అన్నీ మైక్రోసర్వీసులే కదండీ. క్లాసుల గురించి ఇంత ఆలోచించడం ఇంకా అవసరమా?

మంచి ప్రశ్న అడిగారు. ఒకే ప్రోగ్రామ్‌ని వేర్వేరుగా నడిచే చిన్న సర్వీసులుగా విడగొట్టినా ఎవరికి ఏం తెలియాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది. తప్పుగా గీసిన హద్దును సరిదిద్దే ఖర్చు మాత్రం పెరుగుతుంది. క్లాసుల మధ్య బాధ్యత తప్పుగా పంచితే ఒక మధ్యాహ్నం కూర్చుని సరిచేయవచ్చు. అదే రెండు సర్వీసుల మధ్య అయితే రెండు టీములు, రెండు రిలీజులు, పాత డేటా మార్పిడి, మధ్యలో నెట్‌వర్క్. నార్మల్ రేంజ్ నియమాలు ఫలితాల సర్వీస్‌లోనూ, మొబైల్ యాప్‌కి డేటా ఇచ్చే సర్వీస్‌లోనూ రెండుచోట్లా రాసి ఉంటే, ఒకటి మారి రెండోది మారని రోజున ఒకే విలువ కాగితం మీద ఒకలా, ఫోన్‌లో ఇంకోలా కనిపిస్తుంది. అందుకని ముందు ఒకే ప్రోగ్రామ్ లోపల క్లాసులతో హద్దులు గీసి, కొన్ని నెలలు వాడి చూడండి. ఏ హద్దు దగ్గర మార్పులు రెండు వైపులా ఒకేసారి చేయాల్సి వస్తోందో గమనించండి. అక్కడ సర్వీస్‌ని విడగొట్టకండి.